ఫ్లాష్ ఆగిపోయాక మన పాత ఆటలు, బొమ్మల పాటలు ఎలా కాపాడుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. 2007 ప్రాంతంలో మీరు, మీ మిత్రులు కలిసి తెలుగు పిల్లల కోసం ఫ్లాష్‌లో, అంటే బ్రౌజర్‌లో కదిలే బొమ్మలు, ఆటలు చూపించే పాత టెక్నాలజీలో, పద్యాలు, పొడుపు కథలు, అక్షరాల ఆటలు చేసి ఒక సైట్‌లో పెట్టారు. సభ్యులు స్కోర్లు పెట్టుకునేవాళ్లు, కొత్త ఆటలు చేసి పంపేవాళ్లు. ఇప్పుడు ఏ పేజీ తెరిచినా ఖాళీ పెట్టె తప్ప ఏమీ రావడం లేదు. హోస్టింగ్ రెన్యూవల్ దగ్గర పడింది. ఒక సంస్థ "మొత్తం హెచ్‌టీఎంఎల్5లోకి మార్చి ఇస్తాం", అంటే ఇప్పటి బ్రౌజర్లు నేరుగా ఆడించే పద్ధతిలోకి మారుస్తామని, ఒక్కో ఆటకు చాలా తక్కువ రేటు వేసి కొటేషన్ పంపింది. పొడుపు కథ కింద తెలుగు చెదిరిపోయిన స్క్రీన్‌షాట్ కూడా ఒకటి పెట్టారు. డబ్బు పెట్టాలా, సైట్ మూసేయాలా అని అడుగుతున్నారు.

రెండూ ఇప్పుడే వద్దండి. ముందు హోస్టింగ్, డొమైన్ ఇంకో ఏడాదికి కట్టేయండి. ఆగిపోయింది ప్లేయర్, అంటే ఆ ఫైళ్లను బ్రౌజర్‌లో ఆడించే ప్రోగ్రామ్, మాత్రమే. ఫైళ్లు సర్వర్‌లో ఉంటే వాటిలో చాలావాటిని పైసా ఖర్చు లేకుండా మళ్లీ ఆడించొచ్చు. సర్వర్ పోతే మాత్రం ఏ సంస్థా ఏమీ చేయలేదు. నేను హైదరాబాద్‌లో ఈ-లెర్నింగ్ కంపెనీల్లో చాలా ఏళ్లు ఫ్లాష్ పాఠాలు చేశాను. తర్వాత అవే పాఠాలను ఫ్లాష్ నుంచి బయటికి తీసే పని చేస్తున్నాను. ఫ్లాష్ వల్ల పోయిన పాఠాల కన్నా, "ఎలాగూ ఆడవు కదా" అని ఎవరో సర్వర్ ఖాళీ చేసినందువల్ల పోయినవే ఎక్కువ చూశాను.

అసలేం జరిగిందో ముందు చెప్తాను. అది తెలియకపోతే ఆ కొటేషన్‌లో ఏది పని, ఏది మాయ అన్నది తెలియదు.

1996లో ఫ్యూచర్‌వేవ్ అనే చిన్న కంపెనీ చేసిన యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌ను మాక్రోమీడియా కొని ఫ్లాష్ అని పేరు పెట్టింది. 2005లో మాక్రోమీడియానే అడోబ్ కొనేసింది. డయల్-అప్ కనెక్షన్ మీద కూడా కదిలే బొమ్మ, శబ్దం, ఆట అన్నీ ఒక చిన్న ఫైల్‌లో వచ్చేవి కాబట్టి లోకమంతా దాన్నే వాడింది. 2010 ఏప్రిల్‌లో ఐఫోన్‌లోకి ఫ్లాష్‌ను ఎందుకు రానివ్వమో స్టీవ్ జాబ్స్ బహిరంగంగా రాశాడు. 2011 నవంబర్‌లో మొబైల్ బ్రౌజర్ల కోసం ఫ్లాష్ తయారుచేయడం ఆపేస్తున్నట్టు అడోబ్ చెప్పింది. 2015 జనవరిలో యూట్యూబ్ కూడా హెచ్‌టీఎంఎల్5నే ప్రధాన ప్లేయర్‌గా చేసుకుంది. 2017 జులై 25న అడోబ్, పెద్ద బ్రౌజర్ కంపెనీలు కలిసి 2020 చివరితో సరి అని ప్రకటించాయి. అంటే మూడేళ్లకు పైగా నోటీసు ఇచ్చారు. మనలో చాలామందిమి ఆ నోటీసును కరెంటు బిల్లులా ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోయాం.

2020 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆగింది. అయితే మీ సైట్ నిజంగా మూగబోయింది 2021 జనవరి 12న. చివరి వెర్షన్ల ప్లేయర్‌లోనే అడోబ్ ఒక తేదీ పెట్టింది. ఆ రోజు దాటాక ప్లేయర్ కంప్యూటర్‌లో ఉన్నా సరే, ఫైల్‌ను ఆడించడానికి ఒప్పుకోదు. అదే నెలలో క్రోమ్ 88, ఫైర్‌ఫాక్స్ 85 ఫ్లాష్‌ను పూర్తిగా తీసేశాయి. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ద్వారానే విండోస్‌లోంచి తొలగించింది.

"పాత ప్లేయర్ ఎక్కడైనా దొరికితే వేసుకోమని సభ్యులకు చెప్పొచ్చా?" అని మీరు చివర్లో అడిగారు. వద్దు. ఫ్లాష్ ప్లేయర్ ఆఖరి పదేళ్లు సెక్యూరిటీ లోపాలకు పెట్టింది పేరు. ఇక వాటికి ప్యాచ్ రాదు. పైగా ఇప్పుడు "ఫ్లాష్ డౌన్‌లోడ్" అని వెతికితే వచ్చేవాటిలో అసలుకంటే వైరస్‌లే ఎక్కువ. చైనాలో అడోబ్ అనుమతితోనే ఒక సంస్థ ఫ్లాష్‌ను ఇస్తూ వచ్చింది. దాంతోపాటు పాప్-అప్ ప్రకటనలు తెరిచే ప్రోగ్రామ్ కూడా వస్తోందని 2021లో భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. పిల్లలు వాడే కంప్యూటర్లలో అది వేయించడం మీకే ఇష్టం ఉండదు.

పాతదాన్నే పట్టుకు వేలాడితే ఎలా ఉంటుందో చెప్పడానికి దక్షిణాఫ్రికా ఆదాయపు పన్ను శాఖ ఒక్కటి చాలు. వాళ్ల ఆన్‌లైన్ ఫారాల్లో కొన్ని ఫ్లాష్‌లో ఉండిపోయాయి. గడువు దాటాక 2021 జనవరిలో ఆ ఫారాలు తెరవడానికే ప్రత్యేకంగా ఒక బ్రౌజర్ తయారుచేసి జనానికి ఇచ్చారు. ప్రభుత్వ శాఖకు అది చెల్లింది. బాలగేయాల సైట్‌కు చెల్లదు.

ఇదే గడువు ముందు మిగతా ఆన్‌లైన్ బృందాలు ఏం చేశాయో చూస్తే మీకు దారి దొరుకుతుంది. అమెరికాలో టామ్ ఫుల్ప్ నడిపే న్యూగ్రౌండ్స్‌ను తీసుకోండి. 1990ల చివరి నుంచి ఫ్లాష్ కళాకారులకు అదే అడ్డా. ఎవరైనా చేసింది పెట్టొచ్చు, సభ్యులు ఓట్లు వేసి ఉంచాలో తీసేయాలో తేలుస్తారు. వాళ్లు ఆటలను ఒక్కొక్కటిగా తిరగరాయించే పని పెట్టుకోలేదు. మొదట ఫ్లాష్ ఆడించే సొంత విండోస్ యాప్ ఒకటి ఇచ్చారు. తర్వాత రఫిల్ అనే ఎమ్యులేటర్‌కు అండగా నిలిచారు. మైక్ వెల్ష్ మొదలుపెట్టిన ఈ రఫిల్ ఓపెన్ సోర్స్. రస్ట్ భాషలో రాశారు, వెబ్‌అసెంబ్లీగా, అంటే బ్రౌజర్లు నేరుగా నడపగల కోడ్‌గా, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. అడోబ్ ప్లేయర్ కోడ్ ఒక్క ముక్క కూడా ఇందులో ఉండదు. ఫైల్‌ను చదివి, పాత ప్లేయర్ ఏం చేసేదో అదే చేసి చూపిస్తుంది. 2020 నవంబర్‌లో, పాత వెబ్‌ను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా దీన్నే పెట్టుకుని ఫ్లాష్ ఆటలను, యానిమేషన్లను బ్రౌజర్‌లో ఆడించడం మొదలుపెట్టింది. ఇంకో ముచ్చట: ఫ్లాష్ పోయిన కొద్ది వారాలకే, 2021 మొదట్లో, న్యూగ్రౌండ్స్ సభ్యులు కొత్తగా ఫ్లాష్‌లోనే ఆటలు చేసే పోటీ పెట్టుకున్నారు. రఫిల్‌లో ఆడాలన్నదే షరతు.

రెండో దారి ఫ్లాష్‌పాయింట్ అనే ఆర్కైవ్. 2018లో ఆస్ట్రేలియాకు చెందిన బెన్ లాటిమోర్ మొదలుపెట్టాడు. స్వచ్ఛందంగా పనిచేసే జనం ఇప్పటికి 2 లక్షలకు పైగా వెబ్ ఆటలు, యానిమేషన్లు పోగేశారు. ఫ్లాష్‌తోపాటు షాక్‌వేవ్, జావా ఆప్లెట్ లాంటి పోయిన టెక్నాలజీలవి కూడా ఉన్నాయి. నాకు వాళ్ల పనిలో బాగా నచ్చింది ఒకటుంది. ఆటను వాళ్లు ముట్టుకోరు. దాని చుట్టూ పాత ఇంటర్నెట్ ఉన్నట్టు నటిస్తారు. ఆట "నేను ఫలానా సైట్ మీదే ఉన్నానా?" అని చూసుకుంటే, మీ కంప్యూటర్‌లోనే నడిచే ఒక చిన్న సర్వర్ "అవును, అక్కడే ఉన్నావు" అని జవాబిస్తుంది. అది అడిగిన బొమ్మలు, ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు (ప్రశ్నల్లాంటి సమాచారం ఉండే టెక్స్ట్ ఫైళ్లు) అదే పాత చిరునామా నుంచి వచ్చినట్టు అందిస్తుంది.

మూడోది ఫార్మ్‌విల్. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చింది, మన ఇళ్లలో కూడా అర్ధరాత్రి లేచి పంట కోసినవాళ్లున్నారు. 2020 డిసెంబర్ 31న మూతపడింది. దాని ఫ్లాష్ ఫైళ్లు ఎవరి దగ్గరైనా ఉన్నా ఆ పొలం తిరిగి రాదు. ఎవరి పొలంలో ఏముంది, ఏ పంట ఎప్పుడు పండుతుంది అన్న లెక్కంతా ఆట నడిపిన జింగా కంపెనీ సర్వర్లలో ఉండేది. మీ దగ్గరున్న ఆటల్లో ఏది ఒంటరిగా ఆడగలదు, ఏది సర్వర్ లేకుండా ఆడలేదు అన్నదే మీరు మొట్టమొదట తేల్చుకోవాల్సింది.

ఇక పనిలోకి వద్దాం.

ముందు కాపీ. సైట్‌ను బ్రౌజర్ నుంచి దింపే ప్రోగ్రామ్‌లతో కాకుండా, హోస్టింగ్ ప్యానెల్ లేదా ఎఫ్‌టీపీ (సర్వర్ నుంచి ఫైళ్లు దింపుకునే పద్ధతి) ద్వారా సర్వర్‌లోని మొత్తం ఫోల్డర్‌ను దింపండి. కారణం ఉంది. మీ కాలంలో చాలా ఆటలు ఒకే ఫైల్‌గా ఉండవు. "లోడింగ్" అని చూపించే చిన్న ఎస్‌డబ్ల్యూఎఫ్ (ప్లేయర్ ఆడించే ఫ్లాష్ ఫైల్) ఒకటి ఉంటుంది, అది లోపలినుంచి అసలు ఆటను పిలుస్తుంది, ఆ ఆట ప్రశ్నలున్న ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను, ఎంపీ3లను పిలుస్తుంది. పేజీలో లింకులు చూసి దింపే ప్రోగ్రామ్‌కు ఇవేవీ కనిపించవు. పైపై ఫైల్ ఒక్కటే దిగుతుంది. తర్వాత ఎప్పుడు తెరిచినా లోడింగ్ దగ్గరే గిరగిరా తిరుగుతూ ఉంటుంది. ఫోల్డర్ల అమరిక కూడా ఉన్నదున్నట్టే ఉంచండి. "సర్దుదాం" అనుకుని అన్నిటినీ ఒకచోట పోస్తే ఫైళ్లు ఒకదాన్నొకటి కనుక్కోలేవు.

ఫైళ్లతోపాటు డేటాబేస్ ఎగుమతి, సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ స్క్రిప్టులు కూడా దింపండి. స్కోర్ల సంగతి ఇక్కడ చెప్పాలి. అవి ఫ్లాష్‌తో కలిసి ఆగిపోయాయని మీరు అనుకుంటున్నారు. చాలా సైట్లలో అంతకంటే ముందే ఆగిపోయాయి. 2007లో పీహెచ్‌పీ నుంచి డేటాబేస్‌ను పిలవడానికి అందరం వాడిన మై-ఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లో తీసేశారు. హోస్టింగ్‌వాళ్లు వెర్షన్ మార్చిన రోజునే స్కోర్‌బోర్డు పడిపోయి ఉంటుంది. ఆ స్క్రిప్టును కొత్త పద్ధతిలోకి మార్చడం తెలిసినవాళ్లకు ఒక పూట పని.

అసలు సోర్స్ ఫైళ్లు, అంటే ఎఫ్‌ఎల్‌ఏలు, సర్వర్‌లో ఉండవు. చేసినవాళ్ల పాత హార్డ్ డిస్కుల్లో, సీడీల్లో ఉంటాయి. ఫోన్ చేసి అడగాల్సిందే. దొరికితే అదృష్టం. దొరకకపోయినా ఎస్‌డబ్ల్యూఎఫ్ నుంచి చాలావరకు వెనక్కి తీయొచ్చు. జేపెక్స్ అనే ఉచిత డీకంపైలర్ బొమ్మలు, శబ్దాలు, కోడ్ అన్నీ విడదీసి చూపిస్తుంది, ఎఫ్‌ఎల్‌ఏగా కూడా రాసిస్తుంది. అయితే చేతితో చేసిన ఎఫ్‌ఎల్‌ఏలోని లేయర్ల పేర్లు, కోడ్ మధ్యలో రాసుకున్న వ్యాఖ్యలు దానిలో ఉండవు.

సర్వర్‌లో లేని ఫైళ్ల కోసం, ఇంటర్నెట్ ఆర్కైవ్ పాత పేజీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో మీ పాత చిరునామా కొట్టి చూడండి. చాలామంది పేజీ తెరిచి, ఖాళీ పెట్టె చూసి లేదనుకుని వెళ్లిపోతారు. పేజీ సోర్స్‌లో ఎస్‌డబ్ల్యూఎఫ్ చిరునామా తీసుకుని దాన్ని విడిగా అడిగితే ఒక్కోసారి ఫైల్ చక్కగా ఉంటుంది.

కాపీ అయ్యాక ప్రతి ఫైల్‌నూ ఒకసారి నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి మూడు అక్షరాలు చూడండి. అంతా చెత్తలా కనిపించినా ఆ మూడూ చదవడానికి వీలుగానే ఉంటాయి. ఎఫ్-డబ్ల్యూ-ఎస్ అని ఉంటే కుదించని ఫైల్. సీ-డబ్ల్యూ-ఎస్ అని ఉంటే జెడ్‌లిబ్ అనే పద్ధతితో కుదించింది, మీవాటిలో ఎక్కువ ఇవే ఉంటాయి. జెడ్-డబ్ల్యూ-ఎస్ అయితే చివరి ఏళ్లలో వచ్చిన ఎల్‌జడ్‌ఎంఏ పద్ధతి. ఈ మూడూ కాక, హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌తో మొదలైతే అది ఆట కాదు. "పేజీ దొరకలేదు" అనే సందేశం ఎస్‌డబ్ల్యూఎఫ్ పేరుతో సేవ్ అయింది. కంపెనీల ఆర్కైవ్‌లలో కూడా ఇలాంటి ఫైళ్లు దర్జాగా కూర్చుని ఉంటాయి. అన్నీ ఉన్నాయని టిక్ పెట్టేస్తారు, తెరిచే రోజు వచ్చాక గొల్లుమంటారు.

తర్వాత ఏ యాక్షన్‌స్క్రిప్ట్ (ఫ్లాష్‌లో కోడ్ రాసే భాష) వెర్షన్ అన్నది చూడాలి. జేపెక్స్‌లో తెరిస్తే చెప్పేస్తుంది. 2006లో ఫ్లాష్ ప్లేయర్ 9తో యాక్షన్‌స్క్రిప్ట్ 3 వచ్చింది. దానికి ప్లేయర్‌లో వేరే ఇంజిన్ పెట్టారు. 1, 2 వెర్షన్లు పాత ఇంజిన్ మీదే నడుస్తాయి. మీ పనులు 2007 నాటివి కాబట్టి ఎక్కువ భాగం 2లోనే ఉంటాయని నా అంచనా. అప్పట్లో మన దగ్గర నేర్చుకున్నవాళ్లంతా టైమ్‌లైన్ మీద బటన్‌కు నాలుగు లైన్లు రాయడం అలవాటు చేసుకున్నవాళ్లే, 3 చూసి జడుసుకున్నారు. ఆ బద్ధకమే ఇప్పుడు కలిసొచ్చింది. రఫిల్ 1, 2 వెర్షన్ల ఫైళ్లను చాలా బాగా ఆడిస్తుంది. 3లో చేసినవి మొదటి ఏళ్లలో దాదాపు ఆడేవే కావు. తర్వాత బాగా మెరుగుపడింది, అయినా ఒక్కొక్కటీ ఆడి చూసుకోవాల్సిందే.

రఫిల్‌ను సైట్‌లో పెట్టడం తేలిక. దాని ఫైళ్లను మీ సర్వర్‌లో ఒక ఫోల్డర్‌లోకి ఎక్కించి, పేజీలో ఒక స్క్రిప్ట్ లైన్ కలిపితే చాలు. పేజీలో ఫ్లాష్‌ను పెట్టిన పాత ఆబ్జెక్ట్, ఎంబెడ్ ట్యాగ్‌లను అదే గుర్తించి వాటి స్థానంలో కూర్చుంటుంది. పేజీలు తిరగరాయక్కర్లేదు. పాత షేర్డ్ హోస్టింగ్‌లలో ఒక చిక్కు వస్తుంది. వెబ్‌అసెంబ్లీ (వాస్మ్) ఫైల్ ఏ రకానిదో సర్వర్‌కు తెలియక తప్పు రకంగా పంపుతుంది. హోస్టింగ్ సపోర్ట్‌కు "వాస్మ్ ఫైళ్లకు మైమ్ టైప్ కలపండి" అని టికెట్ పెట్టండి, చేసేస్తారు.

ముందు మీ ల్యాప్‌టాప్‌లో రఫిల్ డెస్క్‌టాప్ వెర్షన్‌తో అన్నీ ఆడి చూడండి. కొన్ని ఆటలు మొదలుకాగానే "ఈ ఆట ఫలానా సైట్‌లోనే ఆడాలి" అని ఆగిపోతాయి. ఎవరూ ఎత్తుకుపోకూడదని అప్పట్లో మీవాళ్లే పెట్టిన తాళం అది. డెస్క్‌టాప్ వెర్షన్‌లో ఫైల్‌కు పాత చిరునామా చెప్పి నమ్మించే వీలుంది. డొమైన్ రెన్యూవల్ వదలొద్దని పైన చెప్పింది ఇందుకు కూడా.

ఇప్పుడు మనకు మాత్రమే ఉన్న తలనొప్పి: తెలుగు అక్షరాలు. ఇంగ్లిష్ గైడ్‌లు ఎన్ని చదివినా ఇది దొరకదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

2007లో ఫ్లాష్ టెక్స్ట్ బాక్స్‌కు యూనికోడ్ తెలుగు, అంటే ఇప్పుడు అందరం వాడే ప్రామాణిక తెలుగు, ఇస్తే ఒత్తులు, గుణింతాలు కలపడం చేతకాదు. "చిత్రం" అని టైప్ చేస్తే త పక్కన పొల్లు, ఆ పక్కన ర విడివిడిగా పడేవి. 2008లో వచ్చిన ప్లేయర్ 10లో కొత్త టెక్స్ట్ ఇంజిన్ పెట్టాకే భారతీయ లిపులు సరిగా కూర్చున్నాయి. కానీ దానికి యాక్షన్‌స్క్రిప్ట్ 3 కావాలి, కాబట్టి బడి పాఠాలు చేసేవాళ్లెవరూ అటు పోలేదు. అందరం చేసింది ఒకటే: డీటీపీలో వాడే అను, శ్రీలిపి లాంటి ఫాంట్లలో టైప్ చేయడం. ఆ ఫాంట్లలో తెలుగు ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు ఇంగ్లిష్ చెత్త.

ఆ తెలుగు ఫైల్‌లోకి ఎలా వెళ్లిందన్న దాన్ని బట్టి మీ ఫైళ్ల గతి ఉంటుంది. స్టాటిక్ (మారని) టెక్స్ట్‌గా పెట్టి ఉంటే అక్షరాల ఆకారాలు ఫైల్‌లోనే ఉంటాయి, రఫిల్‌లో అచ్చం అప్పటిలా కనిపిస్తాయి. "బ్రేక్ అపార్ట్" కొట్టి బొమ్మగా మార్చేసి ఉంటే ఇంకా భద్రం, కాకపోతే ఆ వాక్యాన్ని టెక్స్ట్‌గా ఎప్పటికీ బయటికి తీయలేరు, చూసి టైప్ చేసుకోవాల్సిందే. డైనమిక్ (ఆట నడుస్తుండగా మారే) టెక్స్ట్‌లో ఫాంట్‌ను ఎంబెడ్ చేసి, అంటే ఫైల్ లోపలే పెట్టి, ఉంటే ఎక్స్‌ఎమ్‌ఎల్ నుంచి వచ్చే ప్రశ్నలు కూడా బాగానే పడతాయి. ఎంబెడ్ చేయకుండా "డివైస్ ఫాంట్" (చూసేవాళ్ల కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్) అని వదిలేసి ఉంటే మాత్రం గొడవ. అప్పట్లో మీ ఆఫీసు కంప్యూటర్లన్నిట్లో అను ఫాంట్ ఉంది కాబట్టి ఎవరికీ తెలిసి ఉండదు. ఇప్పుడు తెరిచినవాళ్లకు ప్రశ్న స్థానంలో ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు కనిపిస్తాయి. మీరు పెట్టిన స్క్రీన్‌షాట్‌లో పొడుపు కథ కింద ఉన్నది అదే. ఫైల్ పాడైపోలేదు, వైరస్ అంతకన్నా కాదు.

అలాంటి ఫైళ్లకు మందు ఫాంట్‌ను లోపల పెట్టడమే. ఎఫ్‌ఎల్‌ఏ దొరికితే తెరిచి ఫాంట్ ఎంబెడ్ చేసి మళ్లీ పబ్లిష్ చేయండి. దొరక్కపోతే జేపెక్స్‌లోనే ఫాంట్ ఆకారాలు కలిపే వీలుంది, ఓపిక కావాలి. ఇంకో మాట: ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఉన్న ఆ పాత ఎన్‌కోడింగ్ వాక్యాలను ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చి ఒక కాపీ విడిగా దాచుకోండి. ఏ ఫాంట్ కుటుంబానికి ఆ కన్వర్టర్ వేరు. అనులోనే అక్షరాల అమరిక అన్ని వెర్షన్లకూ ఒకటి కాదు. మార్చాక ముందుగా ఒత్తులున్న మాటలు చూడండి, తప్పులన్నీ అక్కడే దొరుకుతాయి. పిల్లల కోసం కాబట్టి ఎవరైనా తెలుగు మాస్టారికి ఒకసారి చూపిస్తే మంచిది. ఈ టెక్స్ట్ చేతిలో ఉంటే రేపు ఫ్లాష్‌తో నిమిత్తం లేకుండా ఎలాగైనా వాడుకోవచ్చు. అప్పట్లో మీరు పోగేసిన పొడుపు కథలు ఆట కన్నా విలువైనవి కావచ్చు.

పద్యాలు, బొమ్మల పాటలు ఊరికే చూసేవే కాబట్టి వాటిని వీడియోగా మార్చేయండి. మైక్ వెల్ష్‌దే స్వివెల్ అనే పాత సాధనం ఒకటుంది, ఎస్‌డబ్ల్యూఎఫ్‌ను ఫ్రేమ్ తప్పకుండా వీడియో చేస్తుంది. మధ్యలో "తర్వాత" బటన్ నొక్కాల్సినవి దానికి లొంగవు. వాటిని ఆడిస్తూ స్క్రీన్ రికార్డ్ చేసుకోవడమే. వీడియో వచ్చింది కదా అని ఎస్‌డబ్ల్యూఎఫ్‌ను తీసేయకండి. గీతల లెక్కలతో గీసే వెక్టర్ బొమ్మ కాబట్టి రేపు ఎంత పెద్ద తెరకైనా దాన్నుంచి మళ్లీ వీడియో తీయొచ్చు, వీడియో నుంచి వెనక్కి రావడం కుదరదు.

ఇక ఆ కొటేషన్. "మొత్తం కన్వర్ట్ చేస్తాం" అనే మాట విన్నప్పుడల్లా నాకు అనుమానమే. బటన్ నొక్కితే ఫ్లాష్ ఆట హెచ్‌టీఎంఎల్5 ఆటగా మారిపోదు. గూగుల్ స్విఫీ అని 2011లో అలాంటి ప్రయత్నం చేసి 2016లో ఆపేసింది. అడోబ్ ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ పేరునే 2016లో యానిమేట్‌గా మార్చింది. దాన్లో ఎఫ్‌ఎల్‌ఏను హెచ్‌టీఎంఎల్5 క్యాన్వాస్‌లోకి మారిస్తే బొమ్మలు, కదలికలు వస్తాయి, కోడ్ మాత్రం కామెంట్‌గా మారి పడి ఉంటుంది. మళ్లీ జావాస్క్రిప్ట్‌లో రాయాలి. పైగా మీ ఫైళ్లు యాక్షన్‌స్క్రిప్ట్ 2 అయితే 2013 నుంచి వచ్చిన వెర్షన్లు దానికి పబ్లిష్ చేయనే చేయవు, ఆ సౌకర్యం సీఎస్6 అనే పాత వెర్షన్ దగ్గర ఆగిపోయింది. అంటే ఆ సంస్థ నిజాయితీగా పనిచేస్తే ప్రతి ఆటనూ కొత్తగా రాయాలి. ఒక్కో ఆటకు అంత తక్కువ రేటు వేశారంటే, మీ ఎస్‌డబ్ల్యూఎఫ్‌ల పక్కన రఫిల్ పెట్టి "కన్వర్టెడ్" అని బిల్లు ఇచ్చే ఉద్దేశం కావచ్చు. నా పాత క్లయింట్ ఒకాయనకు సరిగ్గా ఇదే చేశారు. రఫిల్ ఉచితం, ఎవరైనా పెట్టొచ్చు, పెట్టినందుకు కూలి తీసుకోవడం తప్పేం కాదు. కన్వర్షన్ అని చెప్పి తీసుకుంటేనే తప్పు. వాళ్లను ఒకటే అడగండి: "ఒక్క ఆట చేసి చూపించండి, దాని జావాస్క్రిప్ట్ సోర్స్ మాకు ఇవ్వండి." దాంతో తేలిపోతుంది.

డబ్బు పెట్టాలనుకుంటే దేనికి పెట్టాలో నా అభిప్రాయం చెప్తాను. ఇప్పటి పిల్లలు ఆడేది ఫోన్‌లో. మీ ఆటలు 550×400 స్టేజ్ మీద, మౌస్ కోసం, బాణం కీల కోసం చేసినవి. రఫిల్ ఫోన్‌లో కూడా తెరుస్తుంది, కానీ మౌస్ పైకి తెస్తే అక్షరం వెలగడం లాంటివి వేలితో జరగవు, చిన్న బటన్లు అందవు. కాబట్టి అన్నిటినీ మార్చకుండా, పిల్లలు నిజంగా మళ్లీ ఆడతారనిపించే మూడో నాలుగో ఆటలను ఎంచుకుని ఫోన్ కోసం కొత్తగా రాయించండి. బొమ్మలు, గొంతులు పాతవే జేపెక్స్‌తో తీసి ఇవ్వొచ్చు. మిగతావన్నీ రఫిల్‌లో ఉన్నవి ఉన్నట్టు ఉండనివ్వండి. అన్నీ కొత్తగా చేయించాలని పట్టుబట్టి, సగంలో డబ్బు అయిపోయి, పాతవీ కొత్తవీ రెండూ లేకుండా పోయిన బృందాలు ఉన్నాయి.

మనుషుల సంగతి కూడా ఈ ఏడాదిలోనే తేల్చుకోండి. ఎవరు బొమ్మలు గీశారు, ఎవరు పాడారు, ఎవరు కోడ్ రాశారు అన్న పట్టిక ఎక్కడా రాసి ఉండదు, మీలో ఒకరిద్దరి తలల్లోనే ఉంటుంది. రాయండి. సభ్యులు పంపిన ఆటలైతే వాళ్లను కనుక్కుని, బయట ఆర్కైవ్‌లో పెట్టడానికి సరేనా అని ఒక మెయిల్‌లో అయినా అడగండి. నేపథ్యంలో సినిమా పాట వాడేసినవి ఉంటే పక్కన పెట్టండి, అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు గానీ ఇప్పుడు యూట్యూబ్‌లో వీడియో పెట్టిన నిమిషంలో పట్టుకుంటుంది. డేటాబేస్‌లో పిల్లల పేర్లు, వయసు, మెయిల్ ఐడీలు ఉంటాయి. దాన్ని ఎవరికీ ఇవ్వకండి, ఆర్కైవ్‌కు పంపే కాపీలోంచి తీసేయండి. స్కోర్‌బోర్డు గుర్తుగా ఉంచాలంటే ముద్దుపేర్లు, మార్కులు మాత్రం ఒక పేజీగా చేసి పెట్టండి.

అనుమతులు వచ్చాక ఒక కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టండి, ఒంటరిగా ఆడే ఎస్‌డబ్ల్యూఎఫ్‌లు అక్కడే బ్రౌజర్‌లో ఆడతాయి. చాలా ఫైళ్లను పిలిచే ఆటలను ఫ్లాష్‌పాయింట్‌కు పంపండి, అలాంటివాటికే అది పుట్టింది. వివరాల్లో పేరు తెలుగు లిపిలోనూ ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాయండి, లేకపోతే వెతికేవాళ్లకు దొరకదు. మూడో కాపీ మీలో ఇద్దరి ఇళ్లలో హార్డ్ డిస్కుల్లో ఉండాలి. గూగుల్ డ్రైవ్ ఒక్కటే పెట్టుకుని నిశ్చింతగా ఉండకండి. ఖాతా ఎవరి పేరు మీద ఉందో వాళ్లు పట్టించుకోకపోతే అదీ సర్వర్‌లాగే పోతుంది.

హోస్టింగ్ కట్టాక ఇక్కడే మళ్లీ రాయండి. మొత్తం ఎస్‌డబ్ల్యూఎఫ్‌లు ఎన్ని, వాటిలో యాక్షన్‌స్క్రిప్ట్ 3వి ఎన్ని, తెలుగు చెదిరిపోతున్న ఫైల్ ఒకటి జేపెక్స్‌లో తెరిచినప్పుడు ఫాంట్ల కింద ఏ పేర్లు కనిపిస్తున్నాయి. ఈ మూడూ పెడితే ఆ ఫాంట్‌కు ఏ కన్వర్టర్ పనికొస్తుందో, ఎంబెడ్ ఎలా చేయాలో మీ ఫైల్ మీదే చూపిస్తాను.